తగువు కాని తగువు

మన భాషలో మొగుడు పెళ్ళాన్ని కొట్టాడని సూటిగా అనేవాళ్ళు తక్కువ. ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటాం. వంట చేసుకున్నాడు, పూజ చేసుకున్నాడు అన్నట్టే. ముందు ‘ఆమె మీద’ అన్న రెండు ముక్కలు ఉండాలి నిజానికి. కానీ మాటల్లో అవి జారిపోతుంటాయి. అవి జారిపోయాక, అదేదో అతనికీ అతని చేతికీ మధ్య సొంత వ్యవహారంలా వినపడుతుంది. ‘కోపంలో ఏదో చెయ్యి చేసుకున్నాడులే’ అన్నప్పుడు ఆ ‘ఏదో’ చేసే సాయం కూడా తక్కువది కాదు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత వాచిందో చెప్పడానికి ఆ వాక్యంలో చోటే ఉండదు.

ఈ మాట నా చెవిన మొదటిసారి పడింది మా ఊరి రామాలయం ముందు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. పంచాయితీ అంటే పిల్లలకు తోలుబొమ్మలాట తర్వాత అంతటి కాలక్షేపం. పాలు పితికే వేళ దాటాక, రావిచెట్టు చుట్టూ కట్టిన అరుగు మీద పెద్దమనుషులు అయిదుగురు కూర్చున్నారు. వాళ్ళలో ఒకరు మా పెదనాన్న. రెండు వైపులవాళ్ళూ చెరో అయిదు వందలు ధరావతు పెట్టారు. ఆ నోట్లు ఆయన తువ్వాలు చివర ముడేసుకున్నాడు. తీర్పు కాదన్నవాడి ధరావతు పోతుంది. అక్కడి కోర్టు ఫీజు అదే, ధిక్కారానికి శిక్షా అదే.

దెబ్బ తిన్న మనిషి గుడి స్తంభం పక్కన నిలబడి ఉంది. చంకలో పిల్ల. పైట చెంగు ఎడమ బుగ్గకు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళు అరుగెక్కే రివాజు లేదు. పెద్దమనుషుల్లో ఒకాయన ఆమెను అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది: ‘ఏమ్మా, నువ్వేం చేశావు?’

గద్దించి అడగలేదు. చాలా మెత్తగా, కన్నకూతుర్ని అడిగినట్టే అడిగాడు. పులుసు మాడిందని ఆమె చెప్పింది. వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఆమె అన్న పండక్కి వచ్చి ఏమన్నాడు, పెళ్ళిలో పెడతామన్న గేదె ఎందుకు రాలేదు, అత్త మాటకు ఎదురు చెప్పిందా లేదా. బుగ్గ వాపు దగ్గరికి వచ్చేసరికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అతను ఇక చెయ్యి చేసుకోకూడదు, ఆమె ఇక ఎదురు చెప్పకూడదు అని తీర్పు. అతని చేత గుడికి నూట పదహార్లు తప్పు కట్టించారు. ఇద్దరూ పెద్దలకు దండం పెట్టారు. ఎవరింట్లోంచో టీ వచ్చింది.

చెరిసగం. పెద్దమనుషుల న్యాయానికి ఆయువుపట్టు ఇదే. దాన్ని తీసిపారేయలేం. గట్టు జరిపిన పేచీలో, కాలవ నీటి వంతుల్లో, చేబదుళ్ళ లెక్కల్లో చెరిసగం చాలా తెలివైన పద్ధతి. రేపు పొద్దున ఆ ఇద్దరు రైతులూ అదే గట్టుకు చెరోవైపు నిలబడి పని చేసుకోవాలి. ఒకడు పూర్తిగా గెలిస్తే రెండోవాడు ఊరుకోడు. అందుకని గెలిచినవాడికి కాస్త తక్కువ, ఓడినవాడికి కాస్త ఎక్కువ ఇచ్చి ఇద్దరి మొహాలూ నిలబెట్టడం అనుభవజ్ఞుల పని. కోర్టులో ఇరవై ఏళ్ళు నలిగి రెండు కుటుంబాలు ఆరిపోయే వ్యాజ్యాన్ని ఆ అరుగు ఒక్క సాయంత్రంలో తేల్చేది. తగువు అన్నమాటకు అర్థమే ఇద్దరిది అని. పట్టు ఇటూ ఉంటుంది, అటూ ఉంటుంది.

చిక్కల్లా దెబ్బను కూడా తగువు కింద జమకట్టడంతో వచ్చింది. కొట్టినవాడికీ తిన్నదానికీ మధ్య పంచడానికి గట్టు లేదు. అయినా తూకం వేసే అలవాటు ఊరుకోదు. అతని పళ్ళెంలో దెబ్బ పెట్టాక ఆమె పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టాలి. లేకపోతే త్రాసు నిలవదు. మాడిన పులుసు అందుకే కావలసి వచ్చింది. పైగా గట్టు తగువు తీరాక రైతులిద్దరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్తారు. మొగుడూ పెళ్ళాల పంచాయితీ తీరాక ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్తారు. పెద్దమనుషులు వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు వెళ్తారు. ఆ తలుపు వేసుకున్నాక లోపల ఏ ధరావతూ పనిచెయ్యదు.

ఇదంతా పెద్దమనుషుల తప్పేనని తేల్చి చేతులు దులుపుకోవడం సులువు. వాళ్ళు ఊరి మనసునే పలికారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఆడవాళ్ళకు ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగింది. చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు వాదించడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి ఆ కారణాలు. ఏదో ఒక కారణానికి సబబేనన్నవాళ్ళు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో ఈ వరసలో ముందున్న రెండూ మన రాష్ట్రాలే. మగవాళ్ళను అడిగితే సబబేనన్నవాళ్ళు ఇంతకంటే తక్కువ వచ్చారు. ఈ చివరి ముక్క చదివి ఎవరికైనా ఊరట కలిగితే, వాళ్ళు ఇంకోసారి చదువుకోవడం మంచిది. దెబ్బ తినేవాళ్ళకే అది న్యాయమని నమ్మకం కుదిరేంతగా మనం చెప్పిపెట్టాం.

ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది. శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్న స్త్రీలలో దేశం మొత్తం మీద ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు సరికదా, ఎవరికీ చెప్పను కూడా లేదు. సంసారం గుట్టు, రోగం రట్టు అని మనకో సామెత. జబ్బు దాచకు, ఇంటి సంగతి బయటపెట్టకు అని. మరి ఇంట్లోదే జబ్బయితే గుట్టో రట్టో ఆ సామెత చెప్పలేదు.

కాబట్టి అరుగు దాకా వచ్చిన ఆ మనిషి ఎంత దూరం నడిచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె పోలీసు స్టేషనుకు ఎందుకు వెళ్ళలేదని పట్నంలో కూర్చుని అడుగుతాం. భార్యను భర్తో అత్తింటివాళ్ళో హింసిస్తే నేరమనే 498ఏ సెక్షన్ వచ్చింది 1983లో. 2024 జులై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయసంహితలో 85, 86 సెక్షన్ల కింద ఉంది. అక్షరానికి లోటు లేదు. కానీ స్టేషను మెట్లెక్కడమంటే కాపురం తెంచుకోవడమేనని ఆమెకు తెలుసు, పుట్టింటివాళ్ళకూ తెలుసు. ఆమె అడిగింది కాపురం పోగొట్టమని కాదు, దెబ్బలు మాన్పించమని. అంత చిన్న కోరిక కోరడానికి ఆమె భాషలో, ఆమె ఎరిగిన మొహాల ముందు, అదే సాయంత్రం కూర్చునే చోటు ఆ అరుగొక్కటే. చట్టం ఎంత పెద్దదైనా ఆ దగ్గరితనం దానికి రాలేదు.

అరుగుకు ఇంకో మంచి గుణం కూడా ఉండేది, ఇప్పుడు మరిచిపోయాం. కష్టం చేసుకు బతికే కులాల్లో కులపెద్దల పంచాయితీ కలపడమే కాదు, విడదీసేది కూడా. ఓలి సొమ్మో పెళ్ళి ఖర్చులో తిరిగి ఇప్పించి, ఇడుపు కాగితం రాయించి, మారుమనువుకు దారి వదిలేది. దక్షిణాది కులాల మీద థర్‌స్టన్ రాయగా 1909లో అచ్చయిన ఏడు సంపుటాల్లో తెలుగు కులాల గురించి రాసినచోట ఇలాంటి ఆచారాలు చాలా కనిపిస్తాయి. పెద్ద కులాల ఆడది ఏ గతి పట్టినా ఆ గడపలోనే ఉండాల్సిన రోజుల్లో, ఈ కులాల ఆడదానికి బయటికో తలుపుండేది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆ తలుపు మూసెయ్యలేదు. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి, అంతే. నాగరికత పెరిగేకొద్దీ అన్ని కులాలూ పైవాటిని చూసి నేర్చుకున్నది మాత్రం ‘చచ్చినా ఆ ఇంట్లోనే’ అన్న పాఠం.

తలుపున్న చోట కూడా గొళ్ళెం ఎవరి చేతిలో ఉందో చూడాలి. నేను చూసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. వంద రూపాయల స్టాంపు కాగితం, ఒకే రకం దస్తూరీ, కింద ఏడెనిమిది సంతకాలు, ఒక వేలిముద్ర. వేలిముద్ర ఎవరిదో చెప్పనక్కర్లేదు. ‘ఇకమీదట నాకు భరణంగానీ, ఆస్తిలో వాటాగానీ కోరను’ అన్న వాక్యం అన్నిట్లోనూ ఉంటుంది. భరణం వదులుకుంటానని రాసిచ్చిన కాగితం హక్కును చెరపదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అది వేలిముద్ర వేసినామెకు ఎవరూ చెప్పరు. పెద్దలు రాయించారు కనుక అది శిలాశాసనమనే ఆమె నమ్ముతుంది.

2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. జైలుకు పంపడం దాని మొదటి పని కాదు. కొట్టొద్దని ఆజ్ఞ, ఇంట్లోంచి గెంటకుండా ఆజ్ఞ, ఖర్చులకు డబ్బు, పిల్లలు ఆమె దగ్గరుండేలా ఏర్పాటు. ఒకరకంగా అరుగు ముందు నిలబడ్డ మనిషి కోరికను విని రాసినట్టుంటుంది. పిటిషను వేశాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని కూడా అందులో ఉంది. మన కోర్టుల్లో అరవై రోజులంటే ఎన్ని నెలలో తిరిగినవాళ్ళకు తెలుసు.

ఆ చట్టం కింద 2006లో చేసిన నియమాల్లో పద్నాలుగోది కౌన్సెలింగ్ గురించి. దాన్ని చదివినవాళ్ళు తక్కువ, చదవవలసినవాళ్ళు చాలామంది. కౌన్సెలింగ్‌లో కూర్చున్నప్పుడు, చేసిన హింసకు ఫలానా కారణం ఉందని సమర్థించుకోవడానికి అవతలివాడికి వీల్లేదు. ఆ సంగతి మొదలుపెట్టక ముందే అతనికి చెప్పాలి. మళ్ళీ చెయ్యనని అతని దగ్గర హామీ తీసుకోవడమే అక్కడి పని. పులుసు మాడిందా లేదా అన్నది ఆ గదిలోకే రాకూడదు. ‘నువ్వేం చేశావు’ అన్న మొదటి ప్రశ్న ఆమెను అడగడానికే లేదు. వందల ఏళ్ళ రచ్చబండ అలవాటుకు ఒక్క చిన్న నియమం అడ్డం నిలబడింది. చట్టాలు రాసేవాళ్ళు కూడా ఒక్కోసారి మా ఊరి అరుగు చూసి వచ్చినట్టే రాస్తారు.

కానీ ఆ గదుల్లో జరిగేది వేరు. స్టేషనులోనైనా, కుటుంబ సలహా కేంద్రంలోనైనా, లోక్ అదాలత్‌లోనైనా కుర్చీలు మారాయి గానీ ప్రశ్న మారలేదు. ‘చూడమ్మా, పిల్లల మొహం చూసి సర్దుకుపో’ అన్నది ఇప్పుడు ఫ్యాను కింద వినపడుతుంది. రాజీ అయిందంటే రిజిస్టరులో ఒక కేసు తీరినట్టు లెక్క. ఆమె దెబ్బలు తీరాయా అన్నదానికి ఆ రిజిస్టరులో గడి లేదు. సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో అటూ ఇటూ ఊగింది. 498ఏ ఫిర్యాదులను ముందు కుటుంబ సంక్షేమ కమిటీలు చూడాలని 2017లో అంది, 2018లో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది, 2025లో అలాంటి పద్ధతికే ఇంకో కేసులో మళ్ళీ ఆమోదం చెప్పింది.

రాజీ అనే మాటను అనుమానంగా చూసిన సందర్భం ఒకటి మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చట్టం సవరించి, 498ఏ కేసులో కోర్టు అనుమతితో రాజీపడే వీలు కల్పించింది. దాంతోపాటు ఒక షరతు పెట్టింది. రాజీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడిస్తేగానీ కోర్టు ఒప్పుకోకూడదు, ఈలోగా ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. సాయంత్రం అరుగు మీద పెట్టిన దండానికీ, మూడు నెలలు ఆగి చెప్పే మాటకూ తేడా ఉంటుందని ఆ సవరణ రాసినవారికి తెలుసు. పొద్దుటి మాట సాయంత్రానికి ఎలా మారుతుందో, ఎవరు మారుస్తారో కూడా తెలిసే ఉంటుంది.

1995లో ‘పెదరాయుడు’ వచ్చింది. తమిళం నుంచి తెచ్చుకున్న కథే అయినా తెలుగువాళ్ళు సొంతం చేసుకున్నారు. గద్దె మీద కూర్చున్న పెద్దమనిషి తీర్పు చెబితే ఊరంతా తలవంచే ఆ దృశ్యాలకు హాళ్ళలో ఈలలే ఈలలు. నేనూ వేశాను, దాచడం దేనికి. సరిగ్గా అదే ఏడాది గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కొందరు ఆడవాళ్ళు వేరే రకం గద్దె వేసుకున్నారు. కేంద్ర విద్యాశాఖ నడిపిన మహిళా సమాఖ్య కార్యక్రమంలోని సంఘాలవాళ్ళు. ఎక్కువమంది పెద్ద చదువులు లేనివాళ్ళు, కింది కులాలవాళ్ళు. నారీ అదాలత్ అని పేరు పెట్టుకుని, తాలూకా ఆఫీసుల దగ్గర చెట్ల కింద, ఫలానా రోజని ఖాయం చేసుకుని కూర్చునేవారు. సర్కారు ఆఫీసు పంచన కూర్చోవడం ఊరికే కాదు. పిలిచినవాడు రావాలంటే కాస్త దర్జా ఉండాలి కదా. ఫైళ్ళు పెట్టుకున్నారు, స్టాంపు కాగితాలు రాయించారు, చట్టం నేర్చుకున్నారు. కులపెద్దల అరుగు నుంచి భాష, చొరవ, ఊరి పరువు అనే ఆయుధం తీసుకున్నారు. అరుగెక్కే అర్హత మాత్రం మార్చేశారు. కొట్టినవాడు అక్కడికి వచ్చి చూసేసరికి ఎదురుగా పదిమంది ఆడవాళ్ళు. వెనక నవ్వేవాళ్ళెవరూ లేరు.

అక్కడా అంతా సవ్యమేనని అనను. వాళ్ళూ ఎక్కువసార్లు కలిపి పంపడానికే చూశారు. ఆడవాళ్ళ అదాలత్‌లో కూర్చున్నామె ఇంటికెళ్తే ఎవరికో అత్తగారు. దెబ్బ సబబేననేవాళ్ళలో ఆమె కూడా ఉండొచ్చు. నారీ అదాలత్ అన్న పేరును ఇప్పుడు కేంద్రం మిషన్ శక్తి పథకంలోకి తీసుకుని, అస్సాంలోనూ జమ్మూకశ్మీర్‌లోనూ పంచాయతీల స్థాయిలో ప్రయోగంగా మొదలుపెట్టింది. పైనుంచి ఉత్తర్వు మీద వచ్చిన చెట్టు నీడ ఎంత చల్లగా ఉంటుందో చూడాలి.

మనకూ అలాంటి రోజులున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. 1993 అక్టోబర్ 1 నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. చరిత్ర దాన్ని సారా వ్యతిరేక ఉద్యమమని రాసుకుంది. ఆ ఆడవాళ్ళను ఇంతదూరం నడిపించింది మాత్రం సారా తాగి వచ్చిన చెయ్యే. ఎవరింట్లో వాళ్ళు తిన్న దెబ్బలు ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకునేసరికి అది గుట్టు కాకుండా పోయింది. తర్వాత వచ్చిన పొదుపు సంఘాల్లో, మండల సమాఖ్యల సామాజిక కార్యాచరణ కమిటీల్లో ఆ నడక కొంత మిగిలింది.

అలాంటి కమిటీలో పనిచేసిన ఒకామె ఉత్తరాంధ్రలో కలిసింది. పంచాయితీ చెయ్యడం పెద్ద పనేమీ కాదంది. తీర్చిన వారం తర్వాత ఆ ఇంటికి వెళ్ళడమే పనట. ఊరికే వెళ్తే అనుమానపడతారు కనుక దాహమని మంచినీళ్ళు అడుగుతారట. నీళ్ళు ఎవరు తెచ్చారు, గ్లాసు అందించే చెయ్యి ఎలా ఉంది, చేతికి గాజులున్నాయా, నిండు చేతుల జాకెట్టు కొత్తగా ఎందుకు వేసుకుంది, ఆమె మాట్లాడుతుంటే అత్తగారు తలుపు దగ్గరే ఎందుకు నిలబడింది. నెలకోసారి దాహం వేస్తుందట ఆ కమిటీవాళ్ళకు. ఏడాదిపాటు దాహం తీరని ఇళ్ళు కూడా ఉన్నాయని నవ్వింది.

ఆమె అది చెబుతున్నప్పుడు నాకు మా ఊరు మతికొచ్చింది. పంచాయితీ అయిన మర్నాడు పొద్దున, చల్ల కోసం ఆ మనిషి మా పెరట్లోకి వచ్చింది. మా నాయనమ్మ చెంబు అందుకుంటూ ఆమె మొహం వంక చూసింది. ఈసారి కుడివైపు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. నాయనమ్మ లోపలికెళ్ళి పసుపు, సున్నం రంగరించి తెచ్చి, పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టి పట్టు వేసింది. పిల్లకు ఇంత పెరుగన్నం కలిపి పెట్టింది. ఆమె వెళ్ళాక వీధి అరుగు మీదికి వెళ్ళి మా పెదనాన్నతో, ఆ పిల్లను మళ్ళీ కొట్టాడ్రా అని చెప్పింది. ఆయన చదువుతున్న పేపరు దించి, నిజంగానే అర్థంకానట్టు ఆమె వైపు చూశాడు.

‘అది నిన్ననే తీర్చేశాం కదమ్మా’ అన్నాడు.